చెరువు పక్క కిరాయి ఇల్లు - షరీఅత్ ఏమంటుంది?

నార్కట్‌పల్లిలో ఉండే ఇద్దరు సోదరులు వర్షాకాలం చివర ఒక శుక్రవారం, జుమా నమాజు తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఒకరు ఇంటి యజమాని, వయసులో పెద్దవారు. రెండోవారు ఆ ఇంట్లో కిరాయికి ఉంటున్న యువకుడు. ఇద్దరూ ఒకే మస్జిదులో, చాలాసార్లు ఒకే వరుసలో నిలబడేవారు. అయినా రెండు నెలలుగా వారి మధ్య సలామ్ లేదు. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. ముందు ఆ హదీసు గుర్తుచేసి, ఇద్దరి చేతా సలామ్ చెప్పించి, ఆ తర్వాతే తగాదా విన్నాను. వారి అనుమతితో, పేర్లు చెప్పకుండా, ఆ వ్యవహారాన్ని ఈ నెల పాఠంగా మీ ముందుంచుతున్నాను. నమాజు, రోజా మసాయిల్ అడిగేవారు ఎందరో ఉన్నారు గాని, కిరాయి మసాయిల్ అడిగేవారు అరుదు. మనలో సగం కుటుంబాలు ఏదో ఒక కాలంలో కిరాయి ఇంట్లో బ్రతికినవే.

నార్కట్‌పల్లి హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఉంది. అద్దంకి రోడ్డు మొదలయ్యేది ఇక్కడే. కామినేని వైద్య కళాశాల, ఆసుపత్రి ఉండడం వల్ల బయటి ఊళ్ల నుంచి వచ్చి ఇళ్లు వెతుక్కునేవారు ఎప్పుడూ ఉంటారు. రోడ్డు పక్కన లారీల మోత భరించలేని కుటుంబాలు ఊరి చివరికి, చెరువు వైపుకు పోతాయి. మన యువకుడు కూడా అలాగే పోయాడు. ఏప్రిల్ నెలలో ఇల్లు చూశాడు. చెరువు ఎండి ఉంది, గాలి బాగా వస్తోంది, గోడలకు కొత్తగా సున్నం వేసి ఉంది. నెలకు ఆరు వేల కిరాయి, పన్నెండు వేల అడ్వాన్సు, పదకొండు నెలల కాగితం. ఆగస్టులో చెరువు నిండింది. వెనుక గోడ అడుగు నుంచి ఊట మొదలైంది. వంటగదిలో నీళ్లు నిలిచాయి. పసిపిల్లకు దగ్గు పట్టుకుంది. అతను బాగుచేయించమని రెండుసార్లు అడిగి, తర్వాత కిరాయి ఇవ్వడం మానేశాడు గాని ఇల్లు వదలలేదు. యజమాని, "పదకొండు నెలలు పూర్తి కాకుండా పోతే అడ్వాన్సు రాదు" అన్నారు. తగాదా ఇదీ.

కిరాయి ఒప్పందాన్ని ఫిఖ్‌హ్‌లో 'ఇజారా' అంటారు. ఇల్లు అమ్ముడుపోదు, ఇంటి నుంచి పొందే ప్రయోజనం, అంటే 'మన్‌ఫఅత్', కొంతకాలానికి అమ్ముడవుతుంది. అందుకే అమ్మకంలో ఉండే షరతులు చాలావరకు ఇందులోనూ ఉంటాయి. ప్రయోజనం ఏమిటో తెలియాలి, కాలం ఎంతో తెలియాలి, ప్రతిఫలం ఎంతో తెలియాలి. ఖసస్ సూరాలో మద్‌యన్ పెద్దమనిషి హజ్రత్ మూసా (అలై)తో చేసుకున్న ఒప్పందం చూడండి. ఎనిమిదేళ్ల పని, పదేళ్లు పూర్తి చేస్తే అది ఆయన ఇష్టం; పని తెలుసు, కాలం తెలుసు, ప్రతిఫలం తెలుసు, పైగా నిన్ను కష్టపెట్టనన్న మాట కూడా ఆ పెద్దమనిషి ముందే ఇచ్చారు. మన కిరాయి కాగితాల్లో ఈ చివరి మాట మాత్రం కనబడదు.

కాలం గురించి ఒక మసలా చాలామందికి తెలియదు. కాలం చెప్పకుండా "నెలకు ఇంత" అని మాత్రమే మాట్లాడుకుంటే, ఆ ఒప్పందం ఒక్క నెలకే చెల్లుతుందని హనఫీ ఫిఖ్‌హ్ ప్రసిద్ధ గ్రంథమైన హిదాయాలో ఉంది. తర్వాతి నెల మొదలై కిరాయిదారు ఇంట్లోనే ఉంటే అది మరో నెలకు కొనసాగుతుంది. నెలాఖరులో ఇద్దరిలో ఎవరైనా దాన్ని ముగించుకోవచ్చు. పదకొండు నెలలని వ్రాసుకుంటే ఇద్దరూ దానికి కట్టుబడాలి. (ఈ పదకొండు నెలల ఆచారం షరీఅత్‌ది కాదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పడం వల్ల మన దగ్గర అలవాటైంది.) అయితే ఆ కట్టుబాటుకు ఒక హద్దు ఉంది. ఒప్పందం నాడు తెలియని లోపం తర్వాత బయటపడి, దానివల్ల నివాసానికి ఆటంకం కలిగితే, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కిరాయిదారుకు ఉంటుంది. దీన్ని 'ఖియారె ఐబ్' అంటారు.

యజమాని నాతో అన్న మాట ఇది: "మౌలానా, నేనేమీ అబద్ధం చెప్పలేదు. అతను అడగలేదు, నేను చెప్పలేదు." నిజమే, అబద్ధం చెప్పలేదు. కాని దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. ఏమిటిదని అడిగితే, వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. అలాగైతే ఆ తడి ధాన్యాన్ని జనం చూసేటట్లు పైనే ఉంచి ఉండవలసిందని చెప్పి, మోసం చేసేవాడికీ తమకూ సంబంధం లేదని ఆయన (స) హెచ్చరించారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. ఆ వ్యాపారి కూడా నోటితో అబద్ధం ఆడలేదు. తడి మీద పొడి ధాన్యం కప్పాడు, అంతే. ఊట గోడ మీద ఏప్రిల్‌లో సున్నం వేయడం దానికి ఎంత దూరం? ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ప్రతి ఏడూ వానాకాలంలో ఆ గోడ ఊరుతుందని తనకు తెలుసని ఒప్పుకున్నారు.

చెరువు దగ్గర ఇల్లు కిరాయికి ఇచ్చేవారు నీరు ఎంతవరకు వస్తుందో, అలుగు పారినప్పుడు దారి ఉంటుందో లేదో, దోమలు ఏపాటివో, బోరు నీళ్లు తాగడానికి పనికివస్తాయో లేదో చెప్పవలసి ఉంటుంది. మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంకరపోయినవారిని చూసిన తర్వాత కూడా బోరు సంగతి దాచేవాడికి ఏమని చెప్పాలి?

ఇక యువకుని వైపు చూద్దాం. అతని తప్పు చిన్నదేమీ కాదు. లోపం కనబడిన నాడు అతని ముందు రెండు దారులున్నాయి. ఒప్పందం రద్దు చేసుకుని ఇల్లు ఖాళీ చేయవచ్చు, లేదా లోపంతోనే ఒప్పుకుని ఉండవచ్చు. యజమాని తన సొత్తును బాగుచేయించుకోవాలని బలవంతపెట్టే హక్కు హనఫీ ఫిఖ్‌హ్‌లో కిరాయిదారుకు లేదు. విడిచిపోయే హక్కు మాత్రం ఉంది. ఉంటూ, వాడుకుంటూ, కిరాయి ఆపడం మూడో దారి. అది షరీఅత్‌లో లేదు. అతను ఇంకొకటి కూడా చేశాడు. చాయ్ హోటల్లో, మస్జిదు మెట్ల మీద ఆ పెద్దాయన నమాజు గురించి ఎగతాళిగా మాట్లాడాడు. అన్యాయం జరిగినవాడు తీర్పు చెప్పగలవారి ముందు ఫిర్యాదు చేయడం వేరు, నలుగురిలో పరువు తీయడం వేరు. రెండోది గీబత్ అవుతుంది.

అబూదావూద్‌లో ఒక ఉదంతం ఉంది. పొరుగువాడి బాధ పడలేక ఒకతను దైవప్రవక్త (స) వద్ద మళ్లీ మళ్లీ మొరపెట్టుకున్నాడు. మొదట ఆయన (స) ఓర్చుకోమన్నారు. చివరికి, నీ సామాను తీసుకుపోయి వీధిలో పెట్టుకో అన్నారు. దారిన పోయేవారు ఏమైందని అడగడం, సంగతి తెలిసి ఆ పొరుగువాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. అతను పరుగున వచ్చి, ఇంటికి తిరిగిరా, ఇక నీకు నావల్ల కష్టం కలగదని మాటిచ్చాడు. ఓర్పుకు కూడా ఒక హద్దు ఉందని, అయితే ఆ హద్దు దాకా ఓర్చుకోవాలని ఇందులో తెలుస్తుంది. మన యువకుడు సామాను కదపలేదు, నోరు మాత్రం కదిపాడు.

ఒకరి ఇంట్లో ఉన్నవారి పట్ల యజమాని మనసు ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంటికి వెళ్లాలి. మదీనాకు వలస వచ్చిన దైవప్రవక్త (స) సుమారు ఏడు నెలలు ఆ ఇంట్లో ఉన్నారని చరిత్రకారులు వ్రాశారు. ఆయన (స) క్రింద, ఇంటివారు పైన. ఒక రాత్రి పైన నీటి కుండ పగిలింది. నీరు క్రిందికి కారి దైవప్రవక్తకు (స) ఇబ్బంది అవుతుందేమోనని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక దుప్పటితో ఆ నీటిని అద్ది తీశారు. చలికి కప్పుకోవడానికి వారికి ఇంకేమీ లేదు. కిరాయి తీసుకోని ఇంటి సంగతి ఇది. కిరాయి తీసుకునే ఇంట్లో గోడ ఊరుతుంటే, "పదకొండు నెలలు" అనడం మనకు చేతనయింది.

చెరువు గట్టున పొరుగువారంటే మనవాళ్లే ఉండరు. అక్కడ గంగపుత్రులు, ముదిరాజులు చేపలు పడతారు, చాకలివారు బట్టలు ఉతుకుతారు, రైతులు బర్రెలు కడుగుతారు. బతుకమ్మ నాడు ఊరి ఆడవారందరూ ఆ దారినే వస్తారు. ఆ యువకుడు తన ఆటోను ఆ దారికి అడ్డంగా నిలిపాడని పొరుగువారు కూడా నాకు ఫిర్యాదు చేశారు. వారి ఆరాధనలో మనం పాలుపంచుకోము, అది మన విశ్వాసం. కాని దారి వారి హక్కు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని అడిగారు. పొరుగువాని గురించి జిబ్రీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారో దైవప్రవక్త (స) చెప్పిన హదీసును ఆ సందర్భంలోనే వినిపించారు. నిసా సూరా 36వ ఆయతులో దగ్గరి పొరుగువారితో పాటు పరాయి పొరుగువారి పట్ల కూడా సద్వర్తనం ఆదేశించబడింది.

చెరువు నీటికీ హక్కుంది. నిలిచిన నీటిలో మూత్రం చేయవద్దని బుఖారీ, ముస్లిం హదీసులు వారిస్తున్నాయి. జనం నీళ్లకు వచ్చే చోట మలవిసర్జన చేయడం శాపాన్ని తెచ్చుకునే పని అని అబూదావూద్ హదీసు చెబుతోంది. ఒక మనిషి సంగతే ఇలా ఉంటే, ఇంటి సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని చెరువులోకి వదిలినవాడి సంగతి మీరే ఆలోచించండి.

మస్జిదు దూరమని ఆ యువకుని తల్లికి బాధ. బనూ సలిమా తెగవారు కూడా మదీనా చివర ఉండి, మస్జిదు దగ్గరికి మారాలనుకున్నారు. మీ అడుగులు వ్రాయబడుతున్నాయి, ఉన్నచోటే ఉండండని దైవప్రవక్త (స) వారికి నచ్చజెప్పారు. ఊరి చివర కాపురముండేవారికి ఇంతకు మించిన ఊరట ఏముంది?

తీర్పు విషయం. లోపం దాచబడింది గనుక పదకొండు నెలల షరతు చూపి అడ్వాన్సు ఆపే హక్కు యజమానికి లేదు. లోపం తెలిసి కూడా రెండు నెలలు ఉన్నాడు గనుక ఆ రెండు నెలల కిరాయి, పన్నెండు వేలు, యువకుడు ఇవ్వాలి. అడ్వాన్సు కూడా పన్నెండు వేలే గనుక లెక్క సరిపోయింది. ఆ తర్వాత, వంటగది పనికిరాకుండా పోయిందని యజమాని తన ఇష్టంతోనే మూడు వేలు యువకుని చేతిలో పెట్టారు. యువకుడు మస్జిదు మెట్ల మీద అన్న మాటలకు మస్జిదు మెట్ల మీదే క్షమాపణ అడిగాడు.

లేస్తూ యజమాని ఇంకో మాట అడిగారు. ఈసారి నెల నెలా తలనొప్పి లేకుండా, మూడు లక్షలు ఒకేసారి తీసుకుని మూడేళ్లు కిరాయి లేకుండా ఇల్లు ఇస్తే ఎలా ఉంటుంది, గడువు తీరాక డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను అన్నారు. ఈ పద్ధతి పట్టణాల్లో 'లీజు' పేరుతో, కొన్నిచోట్ల 'రహన్' పేరుతో బాగా వ్యాపించింది. తిరిగి ఇవ్వవలసిన డబ్బు అప్పే. అప్పు ఇచ్చినందుకు ఉచితంగా ఇంట్లో ఉండడం ఆ అప్పు మీద లాభం. అది సూద్. పేరు మార్చినంత మాత్రాన హలాల్ కాదు. డబ్బంతా ముందే కావాలంటే మూడేళ్ల కిరాయిని ముందుగా తీసుకోవచ్చు. కాని అప్పుడు దాన్ని తిరిగి ఇవ్వడం ఉండదు. ఆయన కొంత నిరాశపడ్డారు గాని ఒప్పుకున్నారు.

ఒక్క విషయం మాత్రం తేలలేదు. ఊరే ఆ వెనుక గది పట్టా భూమిలో లేదు, చెరువు శిఖంలోకి జరిగి ఉంది. 'శికమ్' అంటే ఫార్సీలో కడుపు. నిజాం కాలం నుంచి మన రెవెన్యూ కాగితాల్లో ఉన్న మాట ఇది. నీరు నిండే చోటు చెరువు కడుపన్నమాట. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువుల కట్టలు తెగి హాఫిజ్ బాబా నగర్ వంటి బస్తీలు నీట మునిగినప్పుడు, ఆ కడుపులో కట్టిన ఇళ్ల సంగతి అందరికీ తెలిసివచ్చింది. 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలైనప్పుడు వీధిన పడ్డవారిలో కిరాయిదారులూ ఉన్నారు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయ దినాన ఏడు భూముల నుంచి దాన్ని తొడగడం జరుగుతుందన్న హదీసు బుఖారీ, ముస్లింలో ఉంది. అందరి దారి మీదికి కట్టడం జరిపితే, దారిన పోయే ఎవరికైనా తీసేయమనే హక్కు ఉంటుందని మన ఫఖీహులు వ్రాశారు. చెరువు కూడా అందరిదే. ఆ గదికి ఇన్నేళ్లు తీసుకున్న కిరాయి మాటేమిటని పెద్దాయన అడిగారు. ముందు గోడ వెనక్కి జరపండి, ఆ లెక్క తర్వాత చూద్దాం అన్నాను. మొన్న అటు వెళ్లినప్పుడు చూశాను. గది ఇంకా అలాగే ఉంది. అయితే తలుపు మీద సుద్దతో వ్రాసి ఉంది: "వానాకాలం ఈ గోడ ఊరుతుంది. చూసుకుని కిరాయికి రండి."