మిషన్ ఐస్‌క్రీమ్: రోగి ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

ఎండాకాలంలో సంగం సెంటర్‌లోనైనా, నెల్లూరులోనైనా, తిరునాళ్లలోనైనా మిషన్ నుండి కోన్‌లోకి పట్టి ఇచ్చే మెత్తని ఐస్‌క్రీమ్ అందరికీ ఇష్టమే. నోరు చప్పబడిన రోగి కూడా చల్లగా ఏదైనా తెమ్మని అడుగుతాడు. తెచ్చే ముందు ఆ మిషన్‌ను ఎలా శుభ్రం చేయాలో తెలుసుకోండి. మీ ఇంట్లోనే ఎవరైనా ఈ వ్యాపారం చేస్తుంటే ఇది మరీ అవసరం.

చల్లదనం క్రిములను చంపదు

పాలు, పంచదార కలిసిన మిశ్రమం క్రిములకు మంచి ఆహారం. లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది, గడ్డకట్టినా చావదు. 2023లో అమెరికాలోని టకోమా నగరంలో ఒక హోటల్ మిల్క్‌షేకులు తాగిన ఆరుగురు ఈ క్రిమి సోకి ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ముగ్గురు మరణించారు. అక్కడి ఐస్‌క్రీమ్ మిషన్లను సరిగా శుభ్రం చేయలేదని విచారణలో తేలింది.

శుభ్రం చేసే పద్ధతి

1. మిగిలిన మిశ్రమాన్ని తీసేసి, మంచినీళ్లు తేటగా వచ్చేవరకు మిషన్‌లో తిప్పి వదలాలి. మొదటే వేడినీళ్లు పోయరాదు. పాల పదార్థం ఉడికి లోపల అంటుకుంటుంది.

2. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, లోపల తిరిగే రెక్కలు, ముందు మూత, పిడి, రబ్బరు రింగులు అన్నీ విప్పాలి. గోరువెచ్చని సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి తోమి, కడగాలి. పగిలిన రబ్బరు రింగుల సందుల్లో క్రిములు దాక్కుంటాయి కనుక వాటిని మార్చాలి.

3. తరువాత క్రిమిసంహారక ద్రావణం వాడాలి. 5 శాతం క్లోరిన్ ఉన్న, వాసన కలపని బ్లీచ్ 20 మిల్లీలీటర్లు 10 లీటర్ల మంచినీళ్లలో కలిపితే సరిపోతుంది. భాగాలను అందులో కనీసం 2 నిమిషాలు ముంచి ఉంచాలి. మురికి పోకుండా బ్లీచ్ పోసినా ఫలితం ఉండదు. బ్లీచ్‌లో యాసిడ్ ఎన్నడూ కలపరాదు, విషవాయువు వస్తుంది.

4. గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. చేతులు కడుక్కుని బిగించాలి. మళ్లీ మిశ్రమం పోసే ముందు ఇదే ద్రావణాన్ని మిషన్‌లో తిప్పి వదిలేయాలి. మొదట వచ్చే ఐస్‌క్రీమ్‌ను పారవేయాలి.

మిశ్రమాన్ని 5 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంచాలి. కరెంటు పోయి రెండు గంటలకు మించి వేడెక్కితే, నష్టమైనా సరే, పారవేయాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

గర్భిణులు, ముసలివారు, క్యాన్సర్ మందులు వాడేవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు మిషన్ ఐస్‌క్రీమ్ తినకపోవడమే మంచిది. గర్భిణికి వచ్చేది కొద్దిపాటి జ్వరమే కావచ్చు, కానీ కడుపులోని బిడ్డ ప్రాణానికే ముప్పు. మిగతావారికి ఇచ్చినా, పట్టే గొట్టం దగ్గర ఎండిన పాల పొరలు కనబడితే ఆ దుకాణంలో కొనకండి.

జ్వరం, ఒళ్లునొప్పులు, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు తిన్న రెండు నెలల తరువాత కూడా బయటపడవచ్చు. కనుక ఎప్పుడు, ఎక్కడ, ఏమి తిన్నారో గుర్తు చేసుకుని చెప్పండి. సకాలంలో మొదలుపెడితే దీనికి మంచి మందులున్నాయి.