పెద్దవాళ్లు ఫోన్‌లో డాక్టరును రెండోసారి కూడా అడగాలంటే

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని ఓపీడీ మొదలుపెట్టింది. దాని యాప్‌లో ఇంట్లో కూర్చునే ఉచితంగా డాక్టరుతో మాట్లాడొచ్చు. పాతికేళ్ల కుర్రాడు జ్వరం తగ్గగానే ఆ యాప్ తీసేసినా ఫరవాలేదు. బీపీ, షుగరు ఉన్న అరవై అయిదేళ్ల మనిషికి మాత్రం దాంతో నెలనెలా పని ఉంటుంది. తీరా చూస్తే వాళ్లలో కొందరు ఒక్కసారితో మానేస్తారు. మానకుండా ఉండాలంటే ఇంట్లోవాళ్లు చేయాల్సినవి ఇవి.

1. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మొదటిసారి మా అమ్మకు తొందరలో అన్నీ నేనే నొక్కి డాక్టరును కలిపిచ్చాను. మరుసటి నెల ఆవిడ ఫోన్ ముట్టుకోలేదు. గట్టిగా అడిగితే, "తప్పు నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయేమోరా" అంది. ఆ భయం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తర్వాత పక్కన కూర్చుని నోటితో మాత్రమే చెప్పాను, నొక్కడమంతా అమ్మే. మూడుసార్లు చేశాక చెయ్యి తిరిగింది. ఆలస్యమైనా విసుక్కోకండి. ఒక్కసారి కసిరితే మళ్లీ అడగరు.

2. సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసి, భాష తెలుగుకు మార్చండి. వయసుతో వేళ్లు పొడిబారతాయి, అప్పుడు తెర స్పర్శను సరిగా పట్టదు. చేతికి కాస్త క్రీము రాసి తుడుచుకుంటే నయం.

3. ఒక నోటుపుస్తకం పెట్టండి. వాడుతున్న మాత్రల పేర్లు, మోతాదు, వారం రోజుల బీపీ, షుగరు అంకెలు, 14 అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరు అందులో రాయించండి. డాక్టరు అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

4. మాట్లాడేటప్పుడు టీవీ ఆపేయండి. కిటికీ వీపు వెనక కాకుండా ముఖానికి ఎదురుగా ఉండాలి. ఫోన్‌ను ఏ స్టీలు డబ్బాకో ఆనించి నిలబెడితే చెయ్యి వణికినా బొమ్మ కదలదు.

5. ఓటీపీ యాప్‌లో కొట్టడానికే. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే చెప్పొద్దనండి. ఈ-సంజీవని పేరు చెప్పి డబ్బు అడిగితే అది మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరు తెలిస్తే సగం భయం పోతుంది.

6. గుండెనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం లాంటివి వస్తే యాప్ తెరవొద్దు. 108కి ఫోన్ చేయండి.

7. డాక్టరు ఇచ్చిన చీటీ ఫోన్‌లో ఎక్కడ ఉంటుందో, మందుల షాపులో ఎలా చూపించాలో కూడా వాళ్ల చేతే చేయించండి. మళ్లీ చూపించుకోవాల్సిన తేదీని గోడ క్యాలెండరు మీద వాళ్లనే రాయమనండి.

ఈ నెల మాత్రలు అయిపోయేలోపు ఒక ఆదివారం తీరిక చేసుకుని అమ్మ పక్కనో నాన్న పక్కనో కూర్చోండి.