ఓరుగల్లు నుండి బస్తరునకు

సిద్దిపేట జిల్లాలోని నంగునూరు నుండి తూర్పుగా బయలుదేరినచో ఒక్క పూటలో ఓరుగల్లు చేరవచ్చును. ఈ సీమయంతయు ఒకప్పుడు కాకతీయుల యేలుబడిలో నుండెను. వారి కాలమున త్రవ్విన చెఱువులలో పెక్కు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. ఇట్టి రాజవంశము రాజ్యము గోల్పోయిన పిమ్మట ఏమయ్యెను? కోట విడిచిన రాచవారికి దిక్కెవ్వరు? ఈ ప్రశ్నకు సమాధానము ఓరుగల్లున లేదు. గోదావరి కావలి అడవులలో, బస్తరు సీమలో నున్నది.

రాణి రుద్రమదేవికి కుమారులు లేరు. కుమార్తె ముమ్మడమ్మ కన్న ప్రతాపరుద్రుడు 1289 లో రాజయ్యెను. ఢిల్లీ సేనలు ఓరుగల్లుపై మాటిమాటికి దండెత్తెను. 1310 లో మాలిక్ కాఫూరు కోటను ముట్టడింపగా ప్రతాపరుద్రుడు కప్పము గట్టి రాజ్యము నిలుపుకొనెను. తుదకు 1323 లో సుల్తాను కుమారుడగు ఉలుఘ్ ఖాను కోటను పట్టుకొనెను. ఇతడే పిదప మహమ్మద్ బిన్ తుగ్లక్ అను పేర ఢిల్లీని పాలించెను. ఓరుగల్లునకు సుల్తాన్‌పురమని క్రొత్తపేరు పెట్టిరి.

బందీయైన ప్రతాపరుద్రుని ఢిల్లీకి గొనిపోవుచుండగా అతడు నర్మదా తీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస శాసనము తెలుపుచున్నది. అతడు తన యిచ్ఛచేతనే ప్రాణము విడిచెనని 1423 నాటి కలువచేరు శాసనము చెప్పుచున్నది. ఏది యెట్లున్నను, ఆ రాజు మరల తన కోటను చూడలేదు.

ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు మాత్రము చెఱకు చిక్కలేదట. అతడు కొలదిమంది అనుచరులతో గోదావరి దాటి, బస్తరు అడవులలో నాగవంశపు రాజులను గెలిచి, క్రొత్త రాజ్యము స్థాపించెనని అచ్చటి వారి విశ్వాసము. ఆ ప్రయాణమును గూర్చి యొక కథ కలదు. కులదేవత యగు దంతేశ్వరి అతని వెంట నడచుటకు ఒప్పుకొనెను. కాని వెనుదిరిగి చూడరాదని నియమము పెట్టెను. రాజు ముందు నడచుచు, దేవి కాలియందెల రవళి వినుచు సాగెను. శంఖిని, డంకిని నదులు కలియు చోట అందెలు ఇసుకలో దిగబడి సవ్వడి ఆగెను. రాజు కలవరపడి వెనుదిరిగెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. దంతెవాడలో ఆమె ఆలయము నేటికిని ఆ సంగమము చెంతనే యున్నది.

బాలలారా! కథను కథగాను, చరిత్రను చరిత్రగాను గ్రహింపవలెను. అన్నమదేవుని రాకను స్పష్టముగా తెలుపు దంతెవాడ శాసనము 1703 నాటిది. అనగా ఓరుగల్లు పడిన 380 ఏండ్లకు వ్రాయబడినది. కావున ఆ వలసలోని ప్రతి విషయము నిజమని రూఢిగా చెప్పజాలము. కాని యొక్కటి మాత్రము నిశ్చయము. అంతకాలము గడచినను ఆ రాజులు తమ పేరును, తమ ఊరును మఱచిపోలేదు. తమది కాకతీయ వంశమనియు, తమ మూలము ఓరుగల్లనియు ఱాతిపై చెక్కించుకొనిరి.

అయినను పేరొక్కటియే రాజ్యమును నిలుపలేదు. వచ్చినవారు ఆ నేల ఆచారములను తమవిగా జేసికొనిరి. కాలక్రమమున ఆస్థానమున తెలుగు వాడుక తగ్గి హల్బీ భాష వ్యాపించెను. బస్తరు దసరా డెబ్బదియైదు దినముల పండుగ. అందు రావణదహనము లేదు, దేవీపూజయే ప్రధానము. పండుగ ప్రారంభింపవలెనన్న రాజు ముందుగా ముండ్ల ఊయలపై కూర్చుండబెట్టబడిన యొక బాలికను దేవతాస్వరూపముగా భావించి అనుమతి వేడవలెను. తుదిదినములలో గిరిజనులు రథమును ఎత్తుకొనిపోయి అడవిచెంత దాచుదురు. రాజు వారికడకు వెళ్లి, వారితో గలసి క్రొత్తబియ్యపు అన్నము తిని, రథమును మరలించుకొని రావలెను. ప్రజలు ఒప్పుకొననిదే రాచరికము లేదని ఆ పండుగ ఏటేట గుర్తుచేయుచుండును.

1922 లో మగసంతానము లేక ప్రఫుల్లకుమారీదేవి సింహాసన మెక్కెను. రుద్రమదేవి వలెనే యిచ్చటను వంశము ఆడుబిడ్డతో నిలిచెను. 1948 లో బస్తరు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. ఆమె కుమారుడు ప్రవీరచంద్ర భంజదేవుడు గిరిజనుల పక్షమున నిలిచి, 1966 మార్చి 25 న జగదల్‌పూరు రాజభవనమున పోలీసు కాల్పులలో మరణించెను. పదవి పోయిన రాజు కొఱకు ఆనాడు అడవి బిడ్డలును ప్రాణములర్పించిరి. 2022 జూలైలో ఆ వంశమువాడగు కమలచంద్ర భంజదేవుడు వరంగల్లునకు అతిథిగా విచ్చేయగా నగరవాసులు సగౌరవముగా స్వాగతించిరి.

కోటలను శత్రువులు కూల్చగలరు. ధనమును దోచుకొనగలరు. కాని చోటుగోల్పోయినవాడు తన మూలమును మఱువక, ఆశ్రయమిచ్చిన నేలను తక్కువగా జూడక బ్రదికినచో అతనికి పరదేశము స్వదేశమే యగును. బస్తరు కాకతీయుల చరిత్ర మనకు తెలుపునది యిదియే.

ప్రశ్నలు

1. ప్రతాపరుద్రుని తుదిదినములను గూర్చి శాసనములు ఏమి తెలుపుచున్నవి?
2. దంతెవాడ శాసనమును నమ్ముటలో మనము ఏల జాగ్రత్త వహింపవలెను?
3. బస్తరు దసరాలో రాజు ఎవరి అనుమతి వేడును? దానివలన మీరు గ్రహించిన నీతి యేమి?