కొండ దిగితే కాళ్లెందుకు నొప్పి పెడతాయి?

పిల్లలూ! కొండ ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా? "ఇదేం ప్రశ్న? ఎక్కడమే!" అంటారు మీరు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. నిజమే. కాని మర్నాడు పొద్దున లేచేసరికి తొడలు పట్టేయడానికి ముఖ్య కారణం ఎక్కడం కాదు, దిగడం! అదెలాగో చూద్దాం.

తూర్పు కనుమల నడుమ, సీలేరు నది మీద డొంకరాయి అనే ఊరుంది. అక్కడ నదికి ఆనకట్ట కట్టి, పైనుంచి దిగే నీటితో 25 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని నడుపుతున్నారు. ఎత్తున ఉన్న నీటికి స్థితిశక్తి ఉంటుందని మీరు చదువుకున్నారు కదా! నీరు దిగేటప్పుడు ఆ శక్తిని టర్బైను అందుకుంటుంది.

ఆ కొండల్లో ఉండే 40 కిలోల పిల్లవాడు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగాడనుకోండి. ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే 40 × 9.8 × 100 = 39,200 జౌళ్లు. ఇంత శక్తి ఏమైంది? అతని కాళ్లలో టర్బైను లేదే! కాలి కండరాలు, ముఖ్యంగా తొడ ముందరి కండరాలు, బ్రేకుల్లా పనిచేసి దాన్ని అందుకున్నాయి. చివరకు అది వేడిగా మారింది.

మీరే చేసి చూడండి. ఒక మెట్టు మీద నిలబడి, తొడ మీద చెయ్యి వేసుకుని, ఒక కాలిని మెల్లగా కింది మెట్టు మీదికి దించండి. పై మెట్టు మీద ఉన్న కాలి తొడ గట్టిపడుతుంది. అదే సమయంలో ఆ మోకాలు వంగుతూ ఉంటుంది. అంటే కండరం బిగుసుకుని ఉండగానే సాగుతోందన్నమాట. ఎక్కేటప్పుడు కండరం బిగుసుకుని పొట్టిదవుతుంది. దిగేటప్పుడు బిగుసుకుని సాగుతుంది. ఇలా సాగడం వల్ల కండర తంతువులు అక్కడక్కడ కంటికి కనిపించనంత సూక్ష్మంగా దెబ్బతింటాయి. నొప్పి వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల లోపల ఎక్కువై, తర్వాత తగ్గిపోతుంది. ఇది లాక్టిక్ ఆమ్లం వల్ల అని చాలామంది అనుకుంటారు. కాని ఆ ఆమ్లం పరుగు ఆపిన గంట, రెండు గంటల్లోనే తొలగిపోతుంది.

ఈ నొప్పికి భయపడనక్కరలేదు. కండరం బాగుపడి, మునుపటికంటె గట్టిపడుతుంది. అదే వాలు మళ్లీ దిగితే అంత నొప్పి రాదు. అందుకే సాధనను కొద్ది కొద్దిగా పెంచాలి.

అయితే భయపడవలసిన నొప్పి మరొకటి ఉంది. అది ఎముక నొప్పి.

ఎముక రాయి వంటిది కాదు, ప్రాణమున్న కణజాలం. అందులో పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు నిత్యం పనిచేస్తుంటాయి. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ పాదం మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది. ఆ బలానికి తగ్గట్టు ఎముక తనను తాను తిరిగి కట్టుకుంటుంది. ముందు కరిగించడం, తర్వాత కట్టడం. కరిగించడానికి వారాలు చాలు, గట్టిగా కట్టడానికి నెలలు కావాలి. ఈ నడుమ విశ్రాంతి లేకుండా పరుగెత్తితే ఎముకలో సన్నని పగులు ఏర్పడుతుంది.

చాలా ఏళ్ల క్రితం నా విద్యార్థి ఒకడు పరుగు పందేనికి సాధన చేస్తూ, మోకాలి కింది ఎముకలో నొప్పిని మూడు వారాలు దాచాడు. చెబితే జట్టులోంచి తీసేస్తారని వాడి భయం. కుంటుతూనే పరుగెత్తుతున్న వాణ్ణి "పట్టుదల గలవాడు" అని అందరి ముందూ మెచ్చుకున్నది నేనే! ఎక్స్‌రేలో పగులు కనిపించింది. ఆ ఏడు వాడు మళ్లీ పరుగెత్తలేదు. నా మెప్పు ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

2022 ఆగస్టు 8న బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణ పతకం గెలిచిన పి.వి. సింధు ఎడమ కాలిలో ఇటువంటి పగులే ఉన్నట్టు తేలింది. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలకు ఆమె వెళ్లలేదు. 2023 జనవరిలో గాని మళ్లీ పోటీల్లో దిగలేదు. అంతటి క్రీడాకారిణే నెలల తరబడి ఆగింది. మరి మీరు ఆగితే సిగ్గుపడాలా?

రెండు నొప్పులకూ తేడా ఇలా గుర్తించండి. కండరం నొప్పి తొడ అంతటా, పిక్క అంతటా పరచుకుని ఉంటుంది, రోజురోజుకూ తగ్గుతుంది. ఎముక నొప్పి వేలితో చూపించగలిగినంత చోటులో ఉంటుంది, పరుగెత్తినకొద్దీ పెరుగుతుంది. రెండవది కనిపిస్తే ఆ రోజే ఆట ఆపి, ఉపాధ్యాయులకు, ఇంట్లో పెద్దలకు చెప్పి, డాక్టరుకు చూపించుకోండి. తొలి రోజుల్లో ఈ పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కనిపించలేదని నొప్పి ఉండగా పరుగెత్తకూడదు.

వాలులో రాయి మీద కాలు పడి చీలమండ బెణికితే ఏం చేయాలి? ఎముకను ఎముకతో కలిపే సంధిబంధనం సాగినా, కొంత తెగినా వచ్చేదే బెణుకు. వెంటనే కూర్చోండి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. మంచు దొరకని చోట చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేయవచ్చు. మరీ బిగించకుండా కట్టు కట్టి, కాలిని ఎత్తున ఉంచండి. మొదటి రెండు రోజులు కాపడం పెట్టకూడదు, నూనె రాసి మర్దన చేయకూడదు, కాలు పట్టి లాగనివ్వకూడదు. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముకల మీద నొక్కితే నొప్పి పుట్టినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎముక కట్టడానికి సరుకు కూడా కావాలి. మన్యంలో పండే చోళ్లలో, అంటే రాగుల్లో, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది చాలా తక్కువ. మీ వయసు వారికి రాత్రి 8 గంటలకు తక్కువ కాని నిద్ర కూడా అవసరం.

పిల్లలూ! ఆటలు మానకండి. కాని నొప్పిని దాచకండి. విశ్రాంతి తీసుకుంటే సాధన వెనకబడుతుందనుకోవడం పొరపాటు. మీరు ఆగిన రోజుల్లోనే ఎముక కట్టుబడి జరుగుతుంది.