చర్మం దాటే మందు

మన పిల్లల ఇళ్లలో చాలా చోట్ల గూట్లో ఒక నొప్పుల ట్యూబు ఉంటుంది. బోధన్ వైపు చెరుకు నరికి కట్టలు మోసేవారికి, నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు ఎత్తే హమాలీలకు అది నిత్యావసరం. అందరం ఆయింట్‌మెంటు అంటాము గాని అది ఎక్కువగా జెల్. అందులోని మందు చర్మం దాటి లోపలికి ఎలా పోతుందో, ఎం.ఫార్మసీలో మేము చదువుకున్నంతలో తమ్ముళ్లకు తెలియజేస్తున్నాము.

చర్మం పైపొర పేరు స్ట్రాటం కార్నియం. మందం మిల్లీమీటరులో వందో వంతు నుండి యాభైయో వంతు మాత్రమే. చచ్చిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య కొవ్వు సిమెంటు. ఈ గోడ ఉండబట్టే చెరువులో ఎంతసేపు ఈదినా నీళ్లు ఒంట్లోకి పోవు. మందు పోవాలన్నా ఇదే అడ్డు. అణుభారం 500 డాల్టన్ల లోపు ఉంటేనే బాగా దూరుతుందని 2000లో బాస్, మైనార్డి అనే శాస్త్రవేత్తలు సూత్రీకరించారు. నొప్పి జెల్‌లోని డైక్లోఫెనాక్ అణుభారం దాదాపు 296. అయినా మాత్రతో పోలిస్తే జెల్ ద్వారా రక్తంలో చేరేది సుమారు 6 శాతమే. కడుపుకు అంత మేలే, కాని నొప్పి ఉన్న చోటికి చాలినంత చేరాలి కదా!

అందుకే జెల్‌లో పర్మియేషన్ ఎన్‌హాన్సర్లు, అంటే చొరబాటును పెంచే పదార్థాలు కలుపుతారు. ఓలియిక్ ఆమ్లం అణువు నడుమ వంగి ఉంటుంది. అది వరుసగా పేర్చిన కొవ్వు మధ్య దూరి వరుసను చెదరగొడుతుంది. ప్రొపైలీన్ గ్లైకాల్ మందును కరిగించి పట్టి ఉంచుతుంది. మెంథాల్ కూడా దారి ఇస్తుంది (చల్లగా తగలడమే నొప్పి తగ్గడం అనుకోవద్దు). ఇథైల్ ఆల్కహాల్ కొవ్వును కొంత కరిగిస్తుంది. ఈ ఆల్కహాల్ చెరుకు నుండి చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టగా వచ్చేదే. 1937లో స్థాపించి 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పేరు విన్న మనకు ఈ సంగతి దగ్గరిదే.

మన పసుపునే చూడండి. అందులోని కుర్కుమిన్ అణుభారం 368, సూత్రం ప్రకారం పోవాలి. కాని నీళ్లలో కరగదు. కరగనిది గోడ దాటదు. నీళ్లతో నూరి రాస్తే చాలావరకు పైన రంగే మిగులుతుంది. ఆల్కహాల్‌లో కరుగుతుంది గనుక కుర్కుమిన్ జెల్‌లపై పరిశోధనలు సాగుతున్నాయి.

జెల్ తయారీ తేలికే. కార్బొపాల్ పొడిని నీటిలో నానబెట్టి, ఆల్కహాల్‌లో కరిగించిన మందు కలిపి, ట్రైఇథనాలమైన్ చుక్కలు వేస్తే చిక్కబడుతుంది. అసలు పని ఫ్రాంజ్ సెల్ పరీక్ష. రెండు గాజు గదుల నడుమ పంది చెవి చర్మం బిగించి, కింది గదిలోకి గంటగంటకు ఎంత మందు దిగిందో కొలుస్తాము.

ఇక ఇంట్లో చెప్పవలసిన మాట. తెరిచిన తలుపు మందుకొక్కదానికే కాదు. చెరుకు తోటల్లో కలుపుకు కొట్టే 2,4-డి, కొన్ని సన్‌స్క్రీన్ లేపనాలు రాసిన ఎలుక చర్మం గుండా ఎక్కువగా దిగినట్టు అమెరికా ప్రయోగాల్లో తేలింది. కనుక జెల్ రాసుకొని వీపున పంపు వేసుకోవద్దు. చేను నుండి వచ్చి, సబ్బుతో స్నానం చేసి, ఒళ్లు ఆరాక రాసుకోవాలి. పుండు మీద రాయవద్దు, రాసి కాపడం పెట్టవద్దు. నొప్పి మాత్రలు కూడా వాడుతుంటే, గర్భిణులైతే డాక్టరును అడిగే వాడాలి.