పూల ఫోటో – ఒక ప్రకృతి పాఠం



ఫోటో అంటే పెళ్ళిళ్ళకూ, హాల్ టికెట్లకూ పనికొచ్చేదని మాత్రమే చాలామంది అనుకుంటారు. మొక్కలను చదవడానికి కూడా అది మంచి సాధనం. ఇంగ్లండుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ 1843లో సముద్రపు నాచు చిత్రాలతో ఒక పుస్తకం మొదలుపెట్టారు. ఫోటోలతో వచ్చిన తొలి పుస్తకంగా దానిని చెబుతారు. అందుకు ఆమె కెమెరా వాడలేదు. మందు పూసిన కాగితంపై నాచును పరచి ఎండలో పెట్టి, నీలిరంగు ముద్రలు తీశారు. జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు పాఠం చెప్పడానికి మొగ్గలను, తీగలను ఎన్నో రెట్లు పెద్దవిగా ఫోటోలు తీశారు. 1928లో అవి పుస్తకంగా వచ్చి ప్రసిద్ధి పొందాయి.

ఏ నెలలో ఏమి చూడాలి?

నవంబరు, డిసెంబరు నెలల్లో బంతి, చామంతి, డిసెంబరు పూలు విరగబూస్తాయి. సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళేసరికి మామిడి పూత కనిపిస్తుంది. ఫిబ్రవరి, మార్చిలలో మోదుగ, బూరుగు చెట్లు ఆకులు రాల్చి ఎర్రగా పూస్తాయి. ఉగాది నాటికి వేప పూత వస్తుంది.

ఫోటో తీసే పద్ధతి

1. ఉదయం 7 నుండి 9 గంటల లోపు తీయాలి. అప్పుడు వెలుతురు మెత్తగా ఉంటుంది, మంచు బిందువులు కూడా ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో బంతిపూల రేకులు ఒకే పసుపు ముద్దలాగా కనిపిస్తాయి.

2. పువ్వుకు మరీ దగ్గరగా ఫోను పెడితే బొమ్మ మసకబారుతుంది. జానెడు దూరం నుండి తీసి, తరువాత కావలసిన భాగం కత్తిరించుకోవాలి. తెరపై కేసరాల దగ్గర వేలితో తాకితే అక్కడ స్పష్టంగా వస్తుంది.

3. పువ్వు వెనుక నల్ల పలక పట్టుకుంటే పువ్వు బాగా కనబడుతుంది. నీడ పడిన వైపు తెల్ల కాగితం పట్టుకుంటే వెలుతురు పడుతుంది.

4. గాలి ఆగే వరకు ఓపిక పట్టాలి. పువ్వును కోయరాదు. కోస్తే మొగ్గ నుండి కాయ వరకు జరిగే కథ అక్కడే ఆగిపోతుంది.

5. పక్కన జామెట్రీ బాక్సులోని స్కేలు పెడితే పువ్వు పరిమాణం తెలుస్తుంది.

చదువుకు ఉపయోగం

మందారాన్ని పక్క నుండి తీసి చూడండి. కేసరాలన్నీ ఒక గొట్టంలా కలిసి ఉండడం, దాని చివర కీలాగ్రం ఐదుగా చీలి ఉండడం కనిపిస్తాయి. ఇక పరీక్షలో బొమ్మ గీయడానికి బట్టీ పట్టనక్కర లేదు. బంతిని దగ్గరగా చూస్తే అది ఒక్క పువ్వు కాదని, ఎన్నో చిన్న పుష్పకాల గుంపు అని అర్థమవుతుంది.

ఇంటికి ఉపయోగం

మనలో చాలామంది తల్లిదండ్రులు చిన్న రైతులు, కూలీలు. మామిడి పూతపై తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు కావచ్చు. ఆకులు జిగటగా ఉండి, తరువాత నల్లని మసి పట్టితే తేనెమంచు పురుగు కారణం కావచ్చు. ఏదైనా సకాలంలో గుర్తించకపోతే పూత రాలి, ఏడాది ఆదాయం పోతుంది. చెట్టు మొత్తం ఒకటి, పూత కంకి ఒకటి, ఆకు పైవైపు ఒకటి, అడుగువైపు ఒకటి, ఇలా నాలుగు ఫోటోలు తీసి ఉద్యానశాఖ అధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రంలో గాని చూపించాలి. తెలియని మందు అప్పు చేసి కొనడం కంటే ఇది మేలు.

తేదీ మరువకండి

సొంత ఫోను లేకపోయినా బాధపడవద్దు. సెలవుల్లో ఇంట్లోవారి ఫోను పది నిమిషాలు అడిగితే చాలు. ఒకే చెట్టును, ఒకే చోట నిలబడి, వారానికొకసారి తీయండి. తేదీ, ఊరు, చెట్టు పేరు నోటు పుస్తకంలో రాయండి. మోదుగ ఈ ఏడు ఏ రోజున పూసిందో, వచ్చే ఏడు ఏ రోజున పూస్తుందో పోల్చి చూడండి. ఋతువుల్లో వచ్చే మార్పులను శాస్త్రజ్ఞులు కూడా ఇలాంటి లెక్కలతోనే తెలుసుకుంటారు.

చూసే కన్ను, రాసే అలవాటు ఉంటే హాస్టల్ పెరడే మనకు ప్రయోగశాల.