ఫ్రీజ్ నొక్కే ముందు

ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మీ బాబుకి కంగ్రాట్స్ అండీ. మా కాలేజీలో సీఎస్ఈ ఏఐలో కొన్ని సీట్లే మిగిలాయి. రేపొకసారి క్యాంపస్ చూసి వెళ్లండి, కారు పంపిస్తాం." మీ నంబరు వాళ్లకెలా దొరికిందో అడిగితే లైన్ కట్టవుతుంది. కారు పంపే కాలేజీ అంటే అమ్మకి గౌరవం కలుగుతుంది, నాకు అనుమానం వస్తుంది. సీట్లు వాటంతటవే నిండే చోట కార్లు తిప్పాల్సిన పనేముంది?

ఆ నెలరోజులూ ఇంట్లో ప్రతివాళ్లూ విద్యావేత్తలే. మేనమామ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు కాబట్టి ఆయన మాట వేదం. పక్క ఫ్లాట్ ఆంటీ కూతురు ఫలానా కాలేజీలో చదివి డల్లాస్ వెళ్లింది కాబట్టి అదే మంచి కాలేజీ. ఇంతమంది మధ్య, చదవబోయే మనిషి మాత్రం "మీ ఇష్టం నాన్నా" అని ఫోన్లో తల దూర్చేస్తాడు. పెద్దవాళ్లు దాన్ని వినయం అనుకుని మురిసిపోతారు. నిజానికి అది బస్సు సీటు మీద వేసిన కర్చీఫ్ లాంటిది. రేపు ఏదైనా తేడా వస్తే "మీరే కదా చేర్పించారు" అనే మాటకి ఇప్పుడే చోటు పట్టుకోవడం.

కాలేజీ మీరే ఎంచుకోండి. అయితే వాకబు కూడా మీరే చెయ్యాలి. రెండోది చెయ్యకుండా మొదటిది కావాలంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

వాకబు ఎక్కడ మొదలుపెట్టాలి? హోర్డింగు దగ్గర మాత్రం కాదు. హోర్డింగు మీద నవ్వుతున్న ఆ 44 లక్షల జీతం కుర్రాడు ఒక్కడే. వాడు ఏ కాలేజీలో చదివినా ఆ ఉద్యోగం తెచ్చుకునేవాడేమో. "1,200 ఆఫర్లు" అని ఉంటే ఇంకాస్త జాగ్రత్త. ఒకే విద్యార్థికి మూడు కంపెనీలు ఆఫర్లిస్తే కొన్నిచోట్ల మూడుగానే లెక్కేస్తారు. ఇంటర్న్‌షిప్పులనీ అందులోనే కలిపేస్తారు. ఎంతమంది మనుషులకి ఉద్యోగం వచ్చిందన్నది ఆ బోర్డు మీద కనపడదు.

అది కనపడే చోటు వేరే ఉంది, పైసా ఖర్చు లేనిది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఏటా ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు ప్రకటిస్తోంది. ర్యాంకు సంగతి వదిలెయ్యండి. ఆ ర్యాంకు కోసం కాలేజీ ఇచ్చిన సమాచారం పీడీఎఫ్ రూపంలో దొరుకుతుంది, కాలేజీ వెబ్‌సైట్‌లోనూ పెడతారు. నాలుగేళ్ల కోర్సు పట్టిక తీయండి. ఒక బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, అందులో ఎంతమంది సరిగ్గా నాలుగేళ్లలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకి వెళ్లారు, ఉద్యోగం వచ్చినవాళ్ల మీడియన్ జీతం ఎంత అన్నవి ఒకే వరసలో ఉంటాయి. 600 మంది చేరి, 450 మంది టైముకి పాసై, 250 మందికి ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. ఆ 250 మందినీ జీతాల వరసలో నిలబెడితే మధ్యలో ఉన్నవాడి జీతమే మీడియన్. అది నాలుగు లక్షలైతే, మీరు చేరబోయేది నాలుగు లక్షల కాలేజీలో. ఆ 44 లక్షలు హోర్డింగువి. ఈ అంకెలు కూడా కాలేజీ తనంతట తాను ఇచ్చినవేనని మర్చిపోకండి. అయినా బోర్డు మీద చెప్పినదానికీ, ప్రభుత్వానికి రాసిచ్చినదానికీ ఎంత దూరం ఉందో చూస్తే ఆ కాలేజీ స్వభావం కొంత తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. కౌన్సెలింగ్ రోజుల్లో ఏ సిద్దిపేటలోనో బస్టాండు పక్క నెట్ సెంటర్‌లో పది నిమిషాలు నిలబడండి.

"తమ్మీ, మా పాపకి ఇరవై ఎనిమిది వేల ర్యాంకొచ్చింది. సీఎస్ఈ ఏడొస్తదో సూసి పెట్టు."

"బీసీ-డీనా కాకా? ఘట్‌కేసర్ దిక్కా, మేడ్చల్ దిక్కా?"

"ఏడైనా మంచిదే. బస్సుండాలె."

కుర్రాడు అంతకుముందు వచ్చినవాళ్ల లిస్టునే కాస్త అటూ ఇటూ మార్చి కొట్టేస్తాడు. పాప వెనకాల ర్యాంకు కార్డు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమెని ఎవరూ ఏమీ అడగరు. పావుగంటలో నాలుగేళ్ల సంగతి తేలిపోతుంది, ప్రింటుతో కలిపి నెట్ సెంటర్ చార్జీ ఇచ్చి బయటికొస్తారు.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు, బ్రాంచిలు వరసగా పెట్టే వెబ్ ఆప్షన్ల గురించి చాలామందికున్న భయం ఒకటుంది. "ఆ కాలేజీ మనకి ఎలాగూ రాదు, పెడితే ఆప్షన్ వేస్టు" అని. ఇది తప్పు. కంప్యూటర్ మొదటి ర్యాంకు నుంచి వరసగా ఒక్కొక్కరి జాబితా తీస్తుంది. మీ వంతు వచ్చేసరికి మీ ఒకటో ఆప్షన్‌లో మీ కేటగిరీకి సీటు మిగిలిందా అని చూస్తుంది. ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది, ఆ తర్వాత మూడోది. పైన పెద్ద కాలేజీ రాసినందుకు కింద రాసిన సీటు చేజారదు. ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు. కాబట్టి వరస మీ ఇష్టాన్ని బట్టి ఉండాలి. భయానికి చోటు జాబితా అడుగున. గత రెండు మూడేళ్ల చివరి ర్యాంకులు కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, కులం కేటగిరీల వారీగా, అబ్బాయిలకీ అమ్మాయిలకీ విడివిడిగా. అవి దగ్గర పెట్టుకుని, తప్పకుండా వచ్చే కాలేజీలు నాలుగైదు చివర్లో చేర్చండి. మరీ ఇష్టం లేనిది మాత్రం "ఉండనీ" అని పెట్టకండి. పెడితే అదే రావచ్చు.

భయపడాల్సింది రెండో విడతలో. అప్పటికే ఒక సీటు చేతిలో ఉండి మళ్లీ ఆప్షన్లు పెట్టారనుకోండి, కొత్త సీటు వచ్చిందంటే పాతది దానంతటదే రద్దయి వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. తిరిగి రాదు. అందుకని ఉన్న సీటుకంటే నిజంగా బాగున్నవే అందులో పెట్టాలి. తోచక నాలుగు కాలేజీలు కొట్టి చూద్దామనుకున్నవాళ్లు ఏటా దెబ్బతింటూనే ఉన్నారు.

జాబితా తయారుచేసేటప్పుడు తెల్లకాగితం మీద ప్రతి ఆప్షన్ పక్కనా ఒక కారణం రాయండి. "మా ఫ్రెండు వెళ్తున్నాడు" అన్నది కారణమైతే అదే రాయండి, సిగ్గుపడకుండా. కాగితం మీద చూసుకున్నాక దానికి ఎంత విలువివ్వాలో మీకే తెలుస్తుంది. ఆ కాలేజీలో ఈసీఈ ముందా, ఈ కాలేజీలో సీఎస్ఈ ముందా అన్న తగువు కూడా మనసులో తేలదు. కాగితం మీదే తేలుతుంది.

బ్రాంచి అనగానే సీఎస్ఈ. తప్పు పట్టను, ఉద్యోగాలు అటే ఉన్నాయి. ఒక్క సంగతి తెలుసుకుని పెట్టండి. ప్రమాణాలున్న కాలేజీలకి ఒక బ్రాంచిలో సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి తీసేసింది. దాంతో ఒకే బ్రాంచిలో సెక్షన్ల పేర్లకి ఇంగ్లిషు అక్షరాలు చాలనంత పనైంది. 20 మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు ఉండాలని ఏఐసీటీఈ లెక్క. సీట్లు ఒక వేసవిలో పెరుగుతాయి, పాఠం చెప్పగలిగినవాళ్లు ఒక వేసవిలో తయారుకారు. కాబట్టి "సీఎస్ఈ ఉందా" అన్నది చాలదు. ఎన్ని సెక్షన్లు, ఎంతమంది టీచర్లు, వాళ్లలో కిందటేడాది కూడా ఇక్కడే ఉన్నవాళ్లెందరు అని అడగండి.

ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని రకరకాల తోకలున్న సీఎస్ఈల సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి రెండేళ్లు దాదాపు ఒకటే. తేడా మూడో ఏడాది నుంచి నాలుగైదు సబ్జెక్టుల్లో వస్తుంది. ఆ తోక కోసం మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈనో, ఐటీనో వదులుకోవడం నాకు నచ్చదు. కరెంటు, యంత్రం, వంతెన మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలు పాత ప్రభుత్వ కాలేజీల వైపు చూడాలి. 1929లో పుట్టిన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, 1946లో మొదలైన కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ లాంటివి. గోడలకి పెచ్చులూడి ఉండొచ్చు. ఫీజు తక్కువ, సీనియర్లు ప్రతి శాఖలోనూ ఉంటారు.

డిగ్రీ మీద ఎవరి పేరుంటుందన్నది చాలామంది చేరాకే తెలుసుకుంటారు. అనుబంధ కాలేజీకి పరీక్షా, పేపరూ, డిగ్రీ అన్నీ యూనివర్సిటీవే. అటానమస్ అయితే సిలబస్, పేపరు, వాల్యుయేషన్ కాలేజీవి, డిగ్రీ మాత్రం జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీది. డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు తమ డిగ్రీ తామే ఇస్తాయి. అటానమస్ అంటే గొప్ప అని అందరూ అంటారు. శ్రద్ధ ఉన్నచోట గొప్పే, కొత్త సబ్జెక్టులు త్వరగా వస్తాయి. శ్రద్ధ లేనిచోట మార్కులు ధారాళంగా వస్తాయి. ఇంటర్వ్యూకి వచ్చే కంపెనీవాళ్లకి ఏ కాలేజీ తొమ్మిది పాయింట్లు ఏపాటివో తెలుసు.

న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు. కాలేజీ గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉంటే ఏ బ్రాంచికి, ఎప్పటివరకు అని అడగండి. మీరు చేరబోయేది నిరుడు పెట్టిన బ్రాంచి అయితే దానికి ఇంకా ఉండే అవకాశమే లేదు, ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాలేదు కదా. ఇంజినీరింగ్ చదువులని దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో మన దేశం శాశ్వత సభ్యురాలైంది. టైర్-1 కింద ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కోర్సులకి ఆ ఒప్పందం వర్తిస్తుంది. విదేశాల్లో లైసెన్సున్న ఇంజినీరుగా పనిచెయ్యాలనుకునేవారికి ఇది అక్కరకొస్తుంది.

ఇంత చదివాక ఒకసారి వెళ్లి చూడాలి, వాళ్లు పంపే కారులో మాత్రం కాదు. క్లాసులు నడిచే మామూలు రోజున, బస్సులో వెళ్లండి. గేటు దగ్గర "అడ్మిషన్ కోసం" అనగానే ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇస్తారు. తాగేసి, ల్యాబ్ చూడాలని అడగండి. కొత్త యంత్రాలు తళతళలాడుతూ ప్లాస్టిక్ కవర్లలో ఉంటే అవి పిల్లల చేతికి రాలేదని అర్థం. గ్రీజు మరకలు, అరిగిపోయిన నాబ్‌లు, అతుకులేసిన వైర్లు ఉన్నాయంటే అక్కడ పని జరుగుతోంది. కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక మౌస్ పట్టుకుని చూడండి చాలు. తర్వాత క్యాంటీన్‌కి వెళ్లండి. ఫస్టియర్‌వాళ్లకి ఇంకా ఏమీ తెలియదు, ఫైనలియర్‌వాళ్లు దొరకరు. థర్డియర్ పిల్లల్ని పట్టుకోండి. "అన్నా, కాలేజీ ఎలా ఉంటుంది?" అంటే "బానే ఉంటుంది" అంటారు. అలా అడగొద్దు. "ఈ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టుకి సారు మధ్యలో మారిపోయారు? ల్యాబ్ రికార్డు మీరే రాస్తారా, సీనియర్‌ది చూసి దింపేస్తారా? కిందటేడు మీ బ్రాంచిలో ఎన్ని కంపెనీలు వచ్చాయి, ఎవరిని కూర్చోనిచ్చారు?" ఇలా అడిగితే టీ చల్లారేదాకా చెబుతూనే ఉంటారు.

డబ్బు సంగతి ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. గట్టిగానే మాట్లాడండి, పిల్లల ముందే. ట్యూషన్ ఫీజు, బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజు, ప్రాజెక్టు, ల్యాప్‌టాప్ కలిపి నాలుగేళ్లకి ఎంతో ఒక కాగితం మీద కూడండి. తెలంగాణలో ఎప్‌సెట్ 10,000 లోపు ర్యాంకు వచ్చిన అర్హులకి కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకి ఫీజు మొత్తం ప్రభుత్వం ఇస్తుంది. ఆపై ర్యాంకు బీసీ విద్యార్థులకి సాధారణంగా 35,000 రూపాయల వరకే, మిగతాది ఇంటివాళ్లే కట్టాలి. మేనేజ్‌మెంట్ సీటుకి రీయింబర్స్‌మెంట్ లేదు. చేరేటప్పుడు ఇంకో జాగ్రత్త. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. "ఇక్కడే భద్రంగా ఉంటాయి" అన్నా సరే, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

నాన్నతో మాట కలవకపోతే ఏం చెయ్యాలి? ఏడవడం, అన్నం మానెయ్యడం పాత పద్ధతులు. కారణాలు రాసుకున్న కాగితం ఆయన ముందు పెట్టండి. "ఈ కాలేజీలో వందమంది చేరితే నలభైమందికి ఉద్యోగాలొచ్చాయి, ఆ కాలేజీలో డెబ్బైమందికి. అక్కడ ఫీజు ఏడాదికి ఇరవై వేలు ఎక్కువ. మీరేమంటారు?" అని అడగండి. పదహారేళ్లుగా "చదువుకో" అనడమే తప్ప ఏం చదవాలో వివరంగా మాట్లాడని తండ్రి కూడా అంకెలు చూడగానే కళ్లజోడు తెచ్చుకుంటాడు. ఒక్కోసారి ఆయన మాటే సరైనది కావచ్చు. రోజూ రానూ పోనూ నాలుగు గంటల బస్సు ప్రయాణం ఎలా ఉంటుందో మీకంటే ఆయనకి బాగా తెలుసు.

జాబితా సిద్ధమయ్యాక మీ ఇంట్లోనే, మీ చేత్తోనే ఎక్కించండి. ఒక కాలేజీ కోడ్ బదులు ఇంకో కోడ్ పడటం ఎంతసేపు? ఒకరు చదువుతుంటే ఇంకొకరు చూసుకోవాలి. కొన్ని కాలేజీల మనుషులు "మేం పెట్టేస్తాం, మీకెందుకు శ్రమ" అని లాగిన్, పాస్‌వర్డ్ అడుగుతారు. వాళ్లు మొదటి ఆప్షన్‌గా ఏ కాలేజీ పెడతారో వేరే చెప్పాలా? రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు మీ ఇంట్లోదే ఉండాలి, వచ్చిన ఓటీపీ ఎవరికీ చదివి వినిపించకూడదు. గడువు రోజు సాయంత్రం సర్వర్ మొరాయిస్తుంది కాబట్టి ముందు రోజే సేవ్ చేసి, ఒక రాత్రి పడుకుని లేచి, పొద్దున్నే ఇంకొక్కసారి చూసి ఫ్రీజ్ నొక్కండి. ప్రింటు ఒకటి తీసి ఇంట్లో ఉంచుకోండి. రెండో విడతలో అది కావాల్సి వస్తుంది.